సంఘ కార్యాలయమున ఇంటర్నెట్టు నిలిచినపుడు లోపమును కనుగొను విధము

“నెట్టు లేదు, రేపు రండి” అను మాట మన సహకార సంఘముల బల్లయొద్ద తఱచుగ వినబడుచున్నది. ఈ మాట విని సభ్యుడు తిరిగిపోవును. ఆనాటి కూలి పోవుట యొక నష్టము. రానుపోను చార్జీ మఱియొకటి. ఆ దినము పంటల బీమాకు గడువు ముగియు దినమైనచో నష్టము ఒక దినముది కాదు, ఒక పంటది. ధాన్యము తూచి యిచ్చిన రైతు వివరములు నమోదు కాక నిలిచినచో, అతనికి రావలసిన సొమ్మును నిలుచును. కావున ఇంటర్నెట్టు లోపము గుమాస్తా కొక్కనికే సంబంధించినదని సభ్యులు తలంపరాదు.

2022 సంవత్సరము జూను నెలలో కేంద్ర ప్రభుత్వమువారు దేశమందలి సుమారు 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘములను కంప్యూటరు పద్ధతికి మార్చుటకై 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించిరి. అట్లు మారిన సంఘములలో అప్పుల పద్దులు, ఎరువుల నిలువలు, చందాల లెక్కలు తీగమీదుగా నడచుచున్నవి. తీగ పలుకనిచో అట్టి సంఘము పలుకదు. అయినను ఈ లోపములలో ననేకములు కార్యాలయములోనే పావుగంటలో కనుగొనదగినవి. ఆ విధమును ఇచ్చట వివరించుచున్నాము.

మొట్టమొదట గ్రహింపవలసిన దేమనగా, “నెట్టు లేదు” అనునది రోగము పేరు కాదు. రోగి మూలుగు మాత్రమే. వరియాకు పసుపుబాఱినపుడు కారణము నత్రజని లోపము కావచ్చును, జింకు లోపము కావచ్చును, మురుగు నీరు నిలుచుట కావచ్చును. అన్నిటికిని యూరియాయే మందని చల్లు రైతు డబ్బును పోగొట్టుకొనును, పైరును పోగొట్టుకొనును. అట్లే నెట్టు నిలిచిన ప్రతిపర్యాయమును అన్ని మీటలు ఆర్పి వెలిగించుట, తీగలన్నియు ఊడబెఱికి మఱల పెట్టుట యూరియా చల్లుట వంటిది. ఒక్కొక్కప్పుడు గుణమిచ్చును, ఎందుచేత నిచ్చినదో తెలియదు గనుక మఱల చెడినపుడు మఱల చీకటియే.

దారి యెట్టిది?

కాలువ చివరి భూములకు నీరు రానిచో తెలివిగల రైతు ఏమి చేయును? తన మడి గట్టునుండి బయలుదేఱి బోదె వెంబడి, పంటకాలువ వెంబడి, తూమువఱకు నడచును. నీరు ఎచ్చటివఱకు వచ్చినదో, ఎచ్చట ఆగినదో చూచును. ఆగినచోటనే పాఱ వేయును.

ఇంటర్నెట్టుకును అట్టి దారియే కలదు. మన బల్లమీది కంప్యూటరు మడివంటిది. దానినుండి తీగగాని వైఫైగాని రౌటరు అను పెట్టెకు పోవును. రౌటరునుండి ఫైబరు పెట్టెకును, అచ్చటనుండి గాజుతీగ మీదుగా లైను కంపెనీవారి కేంద్రమునకును, అచ్చటినుండి మనకు కావలసిన పేజీ యుండు దూరపు యంత్రమునకును దారి. కొన్నిచోట్ల రౌటరును ఫైబరు పెట్టెయు ఒక్కటే. ఈ దారిలో ఏ మజిలీ తెగినను బల్లయొద్ద కనబడు లక్షణ మొక్కటే: పేజీ తెఱువబడదు.

పేరు వేఱు, సంఖ్య వేఱు

దారి చక్కగానున్నను పేజీ తెఱువబడని సందర్భ మొకటి కలదు. ఇది తెలియకయే పలువురు లైను కంపెనీవారిని నిష్కారణముగ నిందించుచున్నారు.

మన గ్రామములలో ప్రతి చేనికిని వాడుకపేరు ఉండును: చింతమాను చేను, గుడివెనుక చెక్క, ఒంటిమామిడి మెరక. ఊరివారి కది చాలును. దస్తావేజునందు మాత్రము సర్వే నంబరు కావలెను. ఇంటర్నెట్టునందును ఇంతే. మనము పేజీని పేరుతో పిలుతుము. యంత్రములు ఒకదానినొకటి సంఖ్యతోనే గుర్తించును. ఈ సంఖ్యకు ఐ.పి. సంఖ్య యని పేరు. పేరు చెప్పిన సంఖ్య తెలుపు ఏర్పాటునకు డి.ఎన్.ఎస్. అని పేరు. పూర్వము కరణముగారు అడంగలు చూచి చేని నంబరు చెప్పినట్లే, ఈ ఏర్పాటులోని యంత్రము పేరు విని సంఖ్య చెప్పును.

తొలిదినములలో ఈ పేరుల జాబితా యంతయు అమెరికా దేశమున స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ నందు ఒకే దస్త్రముగా నుండెడిది. యంత్రములు పెరుగుకొలది ఒక్కచోట వ్రాసి యుంచుట అసాధ్యమయ్యెను. 1983 సంవత్సరమున పాల్ మొకాపెట్రిస్ అను నతడు గ్రామము, తాలూకా, జిల్లా వలె అంతరువులుగల పద్ధతిని ఏర్పఱచెను. పైన మూలయంత్రములు; వీనికి 13 పేరులు కలవు. ఇవి “డాట్ ఇన్” అను తోకగల పేరుల విషయము ఎవరినడుగవలెనో చెప్పును. వారు ఆ క్రిందివారిని చూపుదురు. చివరివారు సంఖ్యను చెప్పుదురు. పేరును కుడినుండి యెడమకు చదువుచు వెదకుట దీని మర్యాద. ప్రతిసారియు ఇంతదూరము పోనక్కఱలేకుండ, ఒకసారి వచ్చిన జవాబును గడువుతో వ్రాసియుంచుకొందురు. ఆ గడువులోపల దూరపు యంత్రము సంఖ్య మారినచో పాతజవాబు మనలను తప్పుదారి పట్టించును.

పేరు దొరకనిచో ఎంత గొప్ప యంత్రమైనను లేనట్లే యగునని 2021 అక్టోబరు 4 వ తేదీన లోకమంతయు చూచినది. ఆ రాత్రి మనదేశమున సుమారు 9 గంటలకు ఫేస్‌బుక్కు, వాట్సాపు ఒక్కసారిగ నిలిచినవి. ఆ సంస్థవారి పనిలో జరిగిన పొరబాటుచేత వారి యంత్రములకు పోవు దారుల ప్రకటన లోకమునుండి తొలగిపోయినది. వారి పేరులకు సంఖ్య చెప్పు యంత్రములును అందకపోయినవి. మఱల సరియగుటకు సుమారు ఆఱుగంటలు పట్టినది. ఆ రాత్రి తమ రౌటరును ఆర్పి వెలిగించినవారి శ్రమ వ్యర్థమే గదా!

వరుసగా చేయవలసిన పరీక్షలు

ఈ పరీక్షలను క్రమము తప్పక చేయవలెను. ఒక పరీక్ష నెగ్గిననే రెండవదానికి పోవలెను.

మొదటిది, ప్రశ్నించుట. లోపము ఒక్క యంత్రమునకా, అన్నిటికా? ఒక్క పేజీకా, అన్ని పేజీలకా? ఒక్క యంత్రమునకే యైనచో లైను కంపెనీవారిని పిలువ నక్కఱలేదు. ఆ యంత్రమునే చూడవలెను. అన్ని యంత్రములలోను ఒక్క పేజీ మాత్రమే రానిచో, సెల్ ఫోనులో వైఫైని ఆపి, ఫోను సొంత డేటాతో ఆ పేజీనే తెఱచి చూడవలెను. ఫోనునందును రానిచో లోపము చాలవఱకు దూరపు యంత్రముది. మన కార్యాలయమున ఏమి కదల్చినను ప్రయోజనము లేదు. ఫోనున వచ్చి ఇచ్చట రానిచో లోపము మన దారిలోనిది. వైఫైని ఆపుట మఱచినచో ఫోనుకూడ మన రౌటరు మీదుగనే పోవును గనుక ఈ పరీక్ష చెల్లదు.

రెండవది, దీపములు చూచుట. రౌటరుకును ఫైబరు పెట్టెకును కరెంటు వచ్చుచున్నదా? పెక్కు కార్యాలయములలో కంప్యూటరునకు మాత్రము యు.పి.ఎస్. ఉంచి, ఈ పెట్టెలను గోడ ప్లగ్గునకు తగిలింతురు. కరెంటు పోయినపుడు కంప్యూటరు వెలుగుచుండును గాని నెట్టు ఉండదు. ఫైబరు పెట్టెమీద ఎల్.ఓ.ఎస్. అను అక్షరములయొద్ద ఎఱ్ఱదీపము వెలిగినను, మినుకుమినుకు మన్నను వెలుపలినుండి వెలుతురు రాకున్నదని యర్థము. గాజుతీగ ఎచ్చటనో తెగియుండును, లేదా బీరువా వెనుక నలిగి మడతపడి యుండును. గాజుతీగను ఇనుపతీగవలె మడువరాదు. మడత సవరించినను ఎఱ్ఱదీపము ఆఱనిచో మిగిలిన పరీక్షలు మాని లైను కంపెనీవారికి కబురంపవలెను.

మూడవది, మన యంత్రమునకు సంఖ్య దొరకినదా యని చూచుట. విండోస్ కంప్యూటరునందు వెదకు గడిలో సి, ఎం, డి అను మూడు ఇంగ్లీషు అక్షరములు కొట్టినచో నల్లని కిటికీ తెఱువబడును. అందు ఐపీకాన్ఫిగ్ అను ఆజ్ఞను ఇంగ్లీషు అక్షరములతో కొట్టవలెను. చిన్న కార్యాలయములలో సాధారణముగ 192.168 తోగాని, 10 తోగాని మొదలగు సంఖ్య కనబడును. ఈ సంఖ్యను రౌటరు కొంత గడువునకు కౌలుకిచ్చును. 169.254 తో మొదలగు సంఖ్య కనబడినచో కౌలిచ్చువారెవరును పలుకలేదనియు, యంత్రము తనంతతానే ఒక సంఖ్యను పెట్టుకొనినదనియు తెలిసికొనవలెను. అపుడు తీగ వదులైనదా, వైఫై సంకేతపదము మారినదా, రౌటరు స్తంభించినదా యని చూడవలెను.

ఇచ్చట మఱియొక చిక్కు కలదు. వైఫై దూరపుగదికి అందుటకై ఎవరో రెండవ రౌటరును తెచ్చి తగిలింతురు. అదియు కౌలివ్వ మొదలిడును. ఒకే భూమికి ఇద్దఱు యజమానులు కౌలుపట్టాలు వ్రాసినట్లగును. ఏ యంత్రము ఎవరి పట్టా పొందినదో దానినిబట్టి కొన్ని నడచును, కొన్ని నడువవు. నేడు నడచినది రేపు నడువదు. ఇట్టి వింత కనబడినచో రెండవ పెట్టెను ఊడదీసి, యంత్రములను మఱల వెలిగించి చూడవలెను. దానిని ఉంచకతప్పనిచో కౌలిచ్చు పనిని దానిలో నిలుపుదల చేయించవలెను.

నాల్గవది, రౌటరును పలుకరించుట. ఐపీకాన్ఫిగ్ చూపిన పట్టికలో డిఫాల్ట్ గేట్‌వే యని యుండు సంఖ్య రౌటరుది. పింగ్ అని కొట్టి, ఖాళీ విడిచి, ఆ సంఖ్యను కొట్టినచో జవాబులు రావలెను. రానిచో లోపము మన గదిలోనే కలదు.

ఐదవది, వెలుపలి సంఖ్యను పలుకరించుట. పింగ్ 8.8.8.8 అనియు, పిమ్మట పింగ్ 1.1.1.1 అనియు కొట్టవలెను. మొదటిది గూగులువారు 2009 లోను, రెండవది క్లౌడ్‌ఫ్లేర్‌వారు 2018 లోను ప్రజలకొఱకు ఏర్పఱచిన పేరు చెప్పు యంత్రములు. పింగునకు జవాబియ్యని యంత్రములును కలవు గనుక ఒక్కదానిని చూచి తీర్పు చెప్పరాదు. రౌటరు పలికి, ఈ రెండును పలుకనిచో లోపము చాలవఱకు లైనుది. నెలబాడుగ గడువు తీఱినదేమో కూడ చూచుకొనవలెను.

ఆఱవది, పేరుతో పలుకరించుట. ఇది యన్నిటికంటె ముఖ్యమైన మెట్టు. సంఖ్య పలికి పేరు పలుకనిచో, దారి బాగున్నది, అడంగలు చూచువాడు లేడు. లైను తెగినదని కేకలువేయుట ఇచ్చట తప్పు.

పేరు దొరకనపుడు

మొదట మన యంత్రము దాచియుంచిన పాతజవాబులను తుడిచివేయవలెను. ఐపీకాన్ఫిగ్ అని కొట్టి, ఖాళీ విడిచి, వాలుగీత గీచి, ఫ్లష్‌డీఎన్ఎస్ అని కలిపి కొట్టినచో అది జరుగును. దీనివలన హాని లేదు.

పిమ్మట ఎన్ఎస్‌లుకప్ అను ఆజ్ఞతో ఆ పేరును అడుగవలెను. అదే పేరును చివర 8.8.8.8 చేర్చి మఱల అడుగవలెను. మన రౌటరు చూపిన కరణము మౌనము వహించి, వెలుపలి కరణము జవాబిచ్చినచో దోషము మన కరణమునందున్నది. రౌటరును ఒకమాఱు ఆర్పి, నిమిషము తాళి వెలిగించుట ఇపుడు యుక్తము. అప్పటికిని కుదురనిచో రౌటరు అమరికలో డి.ఎన్.ఎస్. అనుచోట 1.1.1.1, 8.8.8.8 అను సంఖ్యలను వ్రాయించవచ్చును. ఇద్దఱు కరణములును ఆ పేరు లేదని చెప్పినచో, అక్షరము తప్పు కొట్టినామేమో చూచి, పిమ్మట ఆ పేజీవారిదే లోపమని యెంచవలెను.

ఒక హెచ్చరిక. కొన్ని కార్యాలయములలో బ్యాంకువారి ప్రత్యేకమార్గము మీదుగ పని జరుగును. అచ్చటి పేరులు బ్యాంకువారి యంత్రమునకే తెలియును. లోకములోని కరణము లెవరికిని తెలియవు. అట్టి కంప్యూటరులో ఈ సంఖ్యలను మార్చినచో లోకమంతయు తెఱువబడును గాని సంఘపు లెక్క మాత్రము తెఱువబడదు. అచ్చట బ్యాంకువారి యింజనీరు ననుమతి లేక చేయిపెట్టరాదు.

పేరును దొరకి, సంఖ్యయు పలికి, పేజీ మాత్రము “సురక్షితము కాదు” అని నిరాకరించినచో కంప్యూటరు గడియారమును చూడవలెను. పాత యంత్రములలోని చిన్న గుండ్రని బ్యాటరీ అయిపోయినచో, ఆర్పి వెలిగించినపుడు తేదీ కొన్ని యేండ్లు వెనుకకు పోవును. ప్రతి పేజీకిని గడువుగల ధ్రువపత్రము ఉండును గనుక, ఆ తేదీనాటికి అది ఇంకను పుట్టనిదిగ కనబడి యంత్రము నమ్మదు. తేదీ సరిదిద్ది, బ్యాటరీ మార్చినచో చాలును. అట్లుగాక తేదీ సరిగనున్నను బ్యాంకు పేజీకి ఈ హెచ్చరిక వచ్చినచో దానిని త్రోసి ముందుకు పోరాదు.

కరణమే దొంగయైనచో

ఏలయనగా, పేరునకు సంఖ్య చెప్పువాడు అబద్ధము చెప్పినచో మనము బ్యాంకు పేరు కొట్టి దొంగ యింటికి పోవుదుము. ఇది కల్పన కాదు. డి.ఎన్.ఎస్. ఛేంజర్ అను దుష్టక్రమణిక నూఱు దేశములకు పైగా సుమారు నలుబది లక్షల కంప్యూటరులలో ప్రవేశించి, వానిని దొంగల కరణములయొద్దకు త్రిప్పినది. 2011 నవంబరులో అమెరికా పోలీసు శాఖయగు ఎఫ్.బి.ఐ. వారు ఆ కుట్రను బయటపెట్టిరి. ఆ యంత్రముల స్థానమున తాత్కాలికముగ మంచి యంత్రములను నడిపి, 2012 జూలై 9 వ తేదీన వానిని ఆపిరి. అప్పటికిని అమరిక సరిచేసికొననివారికి పేరులు దొరకుట మానినవి.

కావున రౌటరుతో వచ్చిన మొదటి సంకేతపదమును తప్పక మార్చవలెను. ఫోనుమీద పలికెడి అపరిచితుడు చెప్పిన సంఖ్యలను రౌటరునందు వ్రాయరాదు. సంఘపు వైఫై సంకేతపదమును గోడమీద అంటించుట వెంటనే మానవలెను.

చేయరాని పని యొకటి

రౌటరు వెనుక చిన్న రంధ్రములో రీసెట్ అను మీట కలదు. సూదితో దానిని నొక్కుట, ఆర్పి వెలిగించుట ఒక్కటి కాదు. ఆర్పి వెలిగించుట అలసిన యెద్దును కాసేపు నీడను కట్టివేయుట. సూదితో నొక్కుట దానికి నేర్పిన పనియంతయు మఱపించుట. లైను కంపెనీవారు వ్రాసియిచ్చిన పేరు, సంకేతపదము అన్నియు చెఱిగిపోవును. పావుగంటలో తీఱవలసిన లోపము, వారి మనిషి వచ్చువఱకు దినములు నిలుచును.

సంఘమువారు ఉంచుకొనవలసినవి

ప్రతి సంఘమును బల్లయొద్ద ఒక చిన్న పుస్తక ముంచవలెను. నెట్టు నిలిచిన తేదీ, వేళ, ఎన్ని యంత్రములకు, ఏ పరీక్ష నెగ్గినది, ఏది తప్పినది, ఎట్లు సరియైనది వ్రాయవలెను. రెండు మూడు నెలలకు ఆ పుస్తకమే వైద్యుడగును: ప్రతిదినము ఒకే వేళకు నిలుచుచున్నదా, వానకు నిలుచుచున్నదా, ఒక్క యంత్రముననే నిలుచుచున్నదా తెలియును. లైను కంపెనీవారికి ఫిర్యాదు చేయునపుడును “నెట్టు లేదు” అనక, “ఎఱ్ఱదీపము వెలుగుచున్నది” అనిగాని, “సంఖ్య పలుకుచున్నది, పేరు దొరకుట లేదు” అనిగాని చెప్పినచో వారును తగిన మనిషిని, తగిన పనిముట్టుతో పంపుదురు.

రెండు పెట్టెలకును యు.పి.ఎస్. తగిలించుట, ప్రతి తీగకును అది ఎచ్చటికి పోవునో చీటి కట్టుట, సంకేతపదములను ముద్రవేసిన కవరులో కార్యదర్శి బీరువాయందుంచుట, గడువు దినములలో అక్కఱకు సెల్ ఫోను డేటాను సిద్ధముగ నుంచుట మంచిది.

ఇంతచేసినను నెట్టు రాని దినములు ఉండును. అట్టి దినమున వచ్చిన సభ్యుని ఊరక పంపరాదు. అతని పేరు, వచ్చిన వేళ, వచ్చిన పని వ్రాసికొని, కార్యదర్శి సంతకముతో చీటి నియ్యవలెను. గడువు విషయమున పైవారికి మనవి చేసికొనుటకు అతని చేతిలో ఏదో యొక ఆధార ముండును. నెట్టు వచ్చినంతనే మొదట అతనికే కబురంపవలెను.

సభ్యులకును మా మనవి యొకటి. “నెట్టు లేదు” అని విన్నపుడు కోపింపక, “ఏ మెట్టువద్ద ఆగినది?” అని మెల్లగ నడుగుడు. ఆ ప్రశ్న నలుగురు అడుగు సంఘమున గుమాస్తా ఆ మెట్లన్నియు త్వరలోనే నేర్చుకొనును.